ఉద్యోగం మానకుండా డిగ్రీ: విశాఖలో ఉన్నవాళ్లకు ఏ దారి నప్పుతుంది?

దూరవిద్యలో చేరి మధ్యలో వదిలేసినవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. సిలబస్ కొరుకుడు పడలేదని చెప్పేవాళ్లు తక్కువ. పరీక్ష రోజే డ్యూటీ పడింది, అసైన్‌మెంట్ ఆఖరు తేదీ దాటిపోయింది, మార్చి క్లోజింగ్‌లో సెలవివ్వలేదు, ఆడపడుచు పెళ్లి వచ్చింది... ఎక్కువగా వినిపించేవి ఇవే. చేరేటప్పుడు మాత్రం అందరం చూసేది ఫీజు, యూనివర్సిటీ పేరు, ఎన్నేళ్లలో అయిపోతుందన్న లెక్క.

నా మటుకు నేను ముందు చూడమనేది పరీక్షల క్యాలెండర్. దాన్ని మీ డ్యూటీ చార్టు పక్కన పెట్టండి. సగం ఆప్షన్లు వాటంతటవే తప్పుకుంటాయి.

ఇంటర్ అవగానే కాలేజీకి వెళ్లే పిల్లల కోసం రాస్తున్నది కాదిది. స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్లు, తెల్లవారకుండానే పరవాడకో అచ్యుతాపురానికో కంపెనీ బస్సెక్కేవాళ్లు, నేవీలో సర్వీసు ముగించి రెండో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి పుస్తకాలు అటకెక్కించిన ఆడవాళ్లు, డిప్లొమాతో చేరి ప్రమోషన్ దగ్గర ఆగిపోయినవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

## ముందు గుర్తింపు తేల్చుకోండి

గుర్తింపును ఫీజుతోనో దూరంతోనో కలిపి తూచకూడదు. అది ఉంటేనే మిగతా మాటలు. లేకపోతే ఫీజు ఎంత తక్కువైనా ఆ కోర్సు జోలికి పోవద్దు.

దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు అనుమతి ఇచ్చేది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్)లోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (డీఈబీ). వాళ్ల వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ పద్ధతిలో, ఏ సెషన్‌కి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఆ నాలుగూ కలిసి సరిపోవాలి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండి మీ కోర్సుకి లేకపోవచ్చు. దూరవిద్యకు ఉండి ఆన్‌లైన్‌కి లేకపోవచ్చు. నిరుడు ఉన్నది ఈసారి ఉండకపోవచ్చు.

2024 నుంచి ఇంకో మంచి పని జరిగింది. ఈ కోర్సుల్లో చేరాలంటే ముందు డీఈబీ ఐడీ తీసుకోవాలి. అది మనం సంపాదించిన క్రెడిట్లను దాచే ఆన్‌లైన్ ఖాతా, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీతో ముడిపడి ఉంటుంది. 'ఐడీ అక్కర్లేదు సార్, మేం చూసుకుంటాం' అని ఎవరైనా అంటే అక్కడితో ఆ సంభాషణ ముగించొచ్చు.

గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. దీనికి ఆధారం 2020 నాటి నిబంధనలు. కాబట్టి ప్రభుత్వ నోటిఫికేషన్లలో 'గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీ' అని ఉన్నచోట మీరు వెనకడుగు వేయనక్కర్లేదు. ప్రైవేటు కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ల లెక్క వేరు. అక్కడ యూనివర్సిటీ పేరు కూడా చూస్తారు.

కొన్ని చదువులు ఈ దారిలో అసలు దొరకవు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, న్యాయశాస్త్రం, పీహెచ్‌డీ అన్నీ ఈ కోవలోవే. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటివి కూడా ఈ జాబితాలో చేరాయి. కౌన్సెలింగ్ రంగంలోకి వెళ్దామని దూరవిద్యలో ఎంఏ సైకాలజీ కోసం చూస్తున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. పాత బ్రోచర్లు పట్టుకుని ఇప్పటికీ దాని గురించి అడిగేవాళ్లున్నారు.

ఇంజినీరింగ్ సంగతి మన ఊరికి మరీ ముఖ్యం. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు ఇచ్చింది. అప్పటికే ఆ డిగ్రీలతో ప్రమోషన్లు తీసుకున్నవాళ్లు కూడా ఇరుకున పడ్డారు. అంత జరిగినా 'బీటెక్, వారాంతం క్లాసులు, ఏడాదిన్నరలో సర్టిఫికెట్' అనే వాట్సాప్ ఫార్వర్డులు ఆగలేదు. 2024లో 'పది రోజుల ఎంబీఏ' ప్రకటనల మీద యూజీసీ స్వయంగా హెచ్చరించాల్సి వచ్చిందంటే ఆలోచించండి.

## తూచాల్సినవి ఏంటి?

గుర్తింపు తేలాక ఈ ప్రశ్నలు వేసుకోండి. వరసే ముఖ్యం.

పరీక్ష ఎప్పుడు, ఎక్కడ, ఏ టైముకి? తరగతులు తప్పినా రికార్డింగ్ చూసుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు. పరీక్షకు మాత్రం మనిషి వెళ్లాల్సిందే. ఏడాదిలో ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని రోజులు, ఆదివారమా పనిదినమా అన్నది తేల్చుకోండి.

ఎంతకాలం సాగదీయొచ్చు? మూడేళ్ల కోర్సు మూడేళ్లలోనే అవుతుందని అనుకోవద్దు. ఒక ఏడాది పోయినా మళ్లీ మొదటికి రాకుండా కొనసాగించే వీలుందా అని అడగండి.

ఏ భాషలో రాయాలి? తెలుగు మీడియంలో చదివి పదిహేనేళ్లు గ్యాప్ వచ్చినవాళ్లకు ఇది ఫీజుకన్నా పెద్ద సమస్య. ఎందుకో దీన్ని ఎవరూ అడగరు. మొహమాటం కావచ్చు.

మొత్తం ఖర్చెంత? మొదటి సెమిస్టర్ ఫీజు కాదు. రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజులు, తప్పిన పేపర్లకు మళ్లీ కట్టేది, పరీక్షలకు పోయే జీతం నష్టం, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి.

ఈ కాగితంతో చేసే పనేంటి? గ్రూప్-2కి అర్హత కోసమా, ప్రమోషన్ కోసమా, ఉద్యోగం మారడానికా, ఎప్పటినుంచో మిగిలిపోయిన కోరిక తీర్చుకోవడానికా? అర్హత కోసమైతే చవకైన డిగ్రీ చాలు. ఉద్యోగం మారాలంటే మాత్రం డిగ్రీ కన్నా చేతిలోకి వచ్చే పని ముఖ్యం.

## ఒక్క చూపులో

| దారి | పరీక్ష | భాష | ఖర్చు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఆంధ్ర యూనివర్సిటీ దూరవిద్య | కేంద్రానికి వెళ్లాలి, తేదీలు నోటిఫికేషన్‌ను బట్టి | బీఏ, బీకాం లాంటివాటికి తెలుగు వీలుంది | తక్కువ | తెలుగు మీడియం వాళ్లు, స్థానికంగా ప్రభుత్వ ఉద్యోగం చూసేవాళ్లు |
| ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) | కేంద్రంలో, జూన్, డిసెంబరు | ప్రధానంగా ఇంగ్లిష్, హిందీ | తక్కువ | షిఫ్టులవాళ్లు, బదిలీలు అయ్యేవాళ్లు |
| ప్రైవేటు యూనివర్సిటీ ఆన్‌లైన్ | ఎక్కువగా ఇంటి నుంచే, కెమెరా ముందు | ఇంగ్లిష్ | ఎక్కువ | కార్పొరేట్ ఉద్యోగులు, ఎంబీఏ, ఎంసీఏ కావాల్సినవాళ్లు |
| ఐఐటీ మద్రాస్ బీఎస్ (ఆన్‌లైన్ డిగ్రీ) | కేంద్రంలో, ప్రతి టర్మ్‌లో పలుమార్లు | ఇంగ్లిష్ | పూర్తి డిగ్రీకి ఎక్కువ, విడతలుగా కట్టొచ్చు | లెక్కలంటే భయం లేనివాళ్లు |
| ఉద్యోగుల బీటెక్ | కాలేజీలోనే | ఇంగ్లిష్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | డిప్లొమా హోల్డర్లు |
| స్వయం, ఎన్‌పీటెల్ (ప్రభుత్వ ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) కోర్సులు | కేంద్రంలో, సెమిస్టర్‌కు ఒకసారి | ప్రధానంగా ఇంగ్లిష్ | నామమాత్రం | చదవగలనా లేదా చూసుకోవాలనుకునేవాళ్లు |

## ఆంధ్ర యూనివర్సిటీ

1926లో పుట్టిన యూనివర్సిటీ ఇది. 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఉత్తరాంధ్రలో ఇద్దరు ముగ్గురు టీచర్లున్న ఇంట్లో కనీసం ఒకరి పీజీ ఇక్కడి కరస్పాండెన్స్‌దే అయి ఉంటుందంటే పెద్ద అతిశయోక్తి కాదు. 2023లో కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే న్యాక్ నుంచి ఏ ప్లస్ ప్లస్ గ్రేడు వచ్చింది.

దీని అసలు బలం భాష. బీఏ, బీకాం తెలుగులో రాయొచ్చు. మెటీరియల్ తెలుగులో చదువుకోవచ్చు. పదిహేనేళ్ల తర్వాత పెన్ను పట్టేవాళ్లకు ఈ ధైర్యం చిన్నదేమీ కాదు. రెండో బలం, ఏదైనా తేడా వస్తే మద్దిలపాలెం వైపు వెళ్లే బస్సెక్కి కౌంటర్ దగ్గర నిలబడి అడగొచ్చు. వేరే రాష్ట్రంలో ఉన్న యూనివర్సిటీ హెల్ప్‌లైన్‌లో మ్యూజిక్ వింటూ కూర్చున్నవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

బలహీనత కూడా క్యాలెండర్ దగ్గరే. ఏ రాష్ట్ర యూనివర్సిటీలోనైనా తేదీలు నోటిఫికేషన్ వచ్చేదాకా తేలవు, ఆ తర్వాత మారనూవచ్చు. మీ డ్యూటీ ఇన్‌చార్జ్ రెండు నెలల ముందు లీవ్ అడగమనే రకమైతే చిక్కే. చేరే ముందు గత రెండు మూడేళ్లలో మీ కోర్సు పరీక్షలు ఏ నెలల్లో జరిగాయో పాత టైంటేబుళ్లు వెతికి చూడండి. అదే మంచి జోస్యం.

## ఇగ్నో

ఈ ఒక్క దారి గురించి కాస్త ఎక్కువ రాస్తాను. షిఫ్టు ఉద్యోగులు ఎక్కువగా ఉన్న ఈ ఊరికి ఇది బాగా నప్పుతుంది. అయితే దీన్ని తప్పుగా వాడేవాళ్లూ ఇక్కడే ఎక్కువ.

1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏడాదికి రెండు అడ్మిషన్లు, జనవరి, జులై. రెండుసార్లు పరీక్షలు, జూన్, డిసెంబరు. ఇవి దాదాపు నెలా అంతకన్నా ఎక్కువ రోజులు సాగుతాయి. మీ పేపర్లు ఆ మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి పడతాయి. ఉదయం పూట పేపరు 10 గంటలకు, మధ్యాహ్నం పేపరు 2 గంటలకు.

ఇప్పుడు దీన్ని షిఫ్టు పక్కన పెట్టి చూడండి. ఆ వారం మీది బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 అనుకుందాం. ఉదయం పేపరు ఒంటిగంటకు ముగుస్తుంది. కేంద్రం గాజువాక దగ్గరైతే పరిగెత్తి డ్యూటీకి చేరొచ్చేమో, సిటీ లోపలైతే కష్టం. ఎ షిఫ్టు, అంటే ఉదయం డ్యూటీ అయితే మధ్యాహ్నం పేపరు ఆశ వదులుకోవాల్సిందే, రెండింటికి కూర్మన్నపాలెం గేటు దాటి రెండింటికే హాల్లో కూర్చోలేరు. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పేపరు రాయడం సాధ్యమే. రాసినవాళ్లనూ చూశాం, హాల్లో కునికిపాట్లు పడ్డవాళ్లనూ చూశాం. అందుకే డేట్ షీట్ (పరీక్ష తేదీల పట్టిక) రాగానే షిఫ్టు మార్చుకునే తోటి ఉద్యోగిని ముందే మాట్లాడి పెట్టుకోండి. అలా కుదరకపోతే ఆ పేపరు తర్వాతి సెషన్‌కి వదిలేయండి. ఇగ్నోలో అదే సుఖం: మూడేళ్ల బీఏకి ఆరేళ్ల దాకా గడువుంటుంది, మొదటి ఏడాది పేపర్లు మిగిలినా రెండో ఏడాదికి వెళ్లొచ్చు.

ఆ సుఖమే ఉచ్చు కూడా. 'తర్వాత రాద్దాంలే' అని వదిలిన పేపర్లు మూడో ఏటికి పదో పన్నెండో అవుతాయి. సెషన్‌కి కనీసం రెండు పేపర్లు వదలకుండా రాస్తానని మీకు మీరు గట్టిగా అనుకోలేకపోతే ఈ వెసులుబాటే మిమ్మల్ని ముంచుతుంది.

మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి, ప్రశ్నపత్రం సెషన్‌కి సెషన్‌కి మారుతుంది. పాత సెషన్‌ది రాసి ఇస్తే చెల్లదు. ఇచ్చాక రసీదు తీసుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, రాసిన పేజీలకు కూడా. గ్రేడ్ కార్డులో మార్కులు ఎక్కకపోతే ఆ ఫొటోయే ఆధారం. ఇంకోటి, పరీక్ష ఫారం దానంతటది వెళ్లదు. ప్రతి సెషన్‌కీ విడిగా నింపి పేపరుకింత అని ఫీజు కట్టాలి. అడ్మిషన్ ఫీజులో అది కలిసే ఉందనుకుని హాల్ టికెట్ కోసం ఎదురుచూసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

భాష విషయంలో మాత్రం మనవాళ్లకు ఇబ్బందే. పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. చేరకముందే చూసుకునే వీలుంది: ఈ-జ్ఞాన్‌కోశ్ సైట్‌లో ఇగ్నో పుస్తకాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మీరు చేరదామనుకునే కోర్సు మొదటి బ్లాక్ తెరిచి ఒక యూనిట్ చదవండి. అది అర్థమైతే చేరండి. పేజీకి పదిసార్లు డిక్షనరీ తీయాల్సి వస్తే ఆంధ్ర యూనివర్సిటీ వైపు చూడండి.

కొన్ని కోర్సులకు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు మినహాయింపు ఉంది. దరఖాస్తు చేసేటప్పుడే సర్టిఫికెట్ జతచేయాలి.

## ప్రైవేటు యూనివర్సిటీల ఆన్‌లైన్ డిగ్రీలు

మణిపాల్, అమిటీ, ఎల్‌పీయూ లాంటి పేర్లు ఫోన్‌లో రోజూ కనిపిస్తూనే ఉంటాయి. ఆన్‌లైన్ కోర్సుకు రాష్ట్రాల హద్దు లేదు, కాబట్టి ఇంట్లో కూర్చుని చేయొచ్చు. దూరవిద్య అలా కాదు. వేరే రాష్ట్రపు యూనివర్సిటీ ఇక్కడ స్టడీ సెంటర్ పెట్టి దూరవిద్య నడపడానికి వీల్లేదు, ఫ్రాంచైజీలకూ వీల్లేదు. ద్వారకానగర్‌లో మెట్లెక్కి వెళ్లే ఆఫీసుల బోర్డుల మీద ఎక్కడెక్కడి యూనివర్సిటీల పేర్లో కనిపించినప్పుడు ఈ ముక్క గుర్తుంచుకోండి.

వీటి బలం సాఫీగా నడిచే ఏర్పాటు. యాప్ పనిచేస్తుంది, క్లాసులు సాయంత్రాలు, వారాంతాల్లో ఉంటాయి, రికార్డింగులు ఉంటాయి. పరీక్ష ఇంటి నుంచే రాసే వీలు ఎక్కువచోట్ల ఉంది. చంటిపిల్లలున్న తల్లికి, టూర్ల మీద తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌కి ఇది నిజంగా పెద్ద మేలు.

కానీ ఇంటి పరీక్ష ఎలా ఉంటుందో తెలుసుకోండి. కెమెరాతో గది నాలుగు మూలలూ చూపించాలి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, వెనక నుంచి ఎవరూ నడవకూడదు, పక్కకు చూస్తే హెచ్చరిక వస్తుంది. రెండు గదుల ఇంట్లో, పక్క గదిలో అత్తగారి సీరియల్ నడుస్తుంటే మూడు గంటలు ఇలా కూర్చోవడం అంత తేలిక కాదు. కరెంటు, నెట్ సంగతి సరే సరి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే ఈ ఊరి నెట్‌ని నమ్మడానికి లేదు. అలాంటి ఇంటివాళ్లకు నిశ్శబ్దమైన పరీక్ష కేంద్రమే నయం.

ఖర్చు దగ్గర తేడా పెద్దది. ఎంబీఏ అయితే లక్షన్నర, రెండు లక్షలు దాటడం మామూలే. నెలకు ఇంత అని చెప్పే ఈఎంఐ చాలాసార్లు మీ పేరున వేరే ఫైనాన్స్ సంస్థ ఇచ్చే అప్పు. మీరు రెండో సెమిస్టర్‌లో చదువు మానేసినా ఆ అప్పు ఆగకపోవచ్చు, మీ సిబిల్ స్కోరు మీద పడుతుంది. సంతకానికి ముందు 'మధ్యలో మానేస్తే నేనింకా ఎంత కట్టాలి?' అని రాతపూర్వకంగా అడగండి.

ఫోన్ నంబరు ఇచ్చిన మరుక్షణం నుంచి కౌన్సెలర్ల కాల్స్ మొదలవుతాయి. 'సార్, ఈ రోజే సీటు బ్లాక్ చేస్తే ఇరవై శాతం స్కాలర్‌షిప్, రేపటికి ఉండదు' అంటారు. రేపు కూడా ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సులో సీట్లు ఒక్క రాత్రిలో అయిపోవు. ఆ కౌన్సెలర్ యూనివర్సిటీ ఉద్యోగో, కమీషన్ మీద పనిచేసే ఏజెంటో ముందు తెలుసుకోండి. డబ్బు మాత్రం యూనివర్సిటీ పోర్టల్‌లో, యూనివర్సిటీ ఖాతాకే కట్టండి.

## ఐఐటీ మద్రాస్ బీఎస్

2020లో మొదలైన డేటా సైన్స్ కోర్సు ఇది. వయసు పరిమితి లేదు, జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ పాసై, పదోతరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు చెప్పి క్వాలిఫయర్ పరీక్ష పెడతారు. అందులో నెగ్గితే ప్రవేశం. ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ అని మెట్లుంటాయి, ఏ మెట్టు దగ్గర ఆగినా దానికి తగ్గ సర్టిఫికెట్ చేతికొస్తుంది. మధ్యలో ఆగిపోతామేమో అని భయపడే పెద్దవాళ్లకు ఈ ఏర్పాటు బాగుంది. ఎన్ని కోర్సులు తీసుకుంటే అంతకే ఫీజు. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు రాయితీ ఉంది.

'ఆన్‌లైన్ కదా, తీరిక దొరికినప్పుడు చూద్దాం' అనుకుంటే నిలవరు. ఏడాదికి మూడు టర్మ్‌లు, వారంవారం అసైన్‌మెంట్ గడువులు, క్విజ్‌లు, చివరి పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. రొటేషన్ షిఫ్టులు చేసేవాళ్లు టర్మ్‌కి రెండు కోర్సులు మించి పెట్టుకోకపోవడం మంచిది. రుషికొండ ఐటీ కొండ మీద సపోర్టు ఉద్యోగంలో ఉండి ఎదగలేకపోతున్న పాతికేళ్లవాళ్లకు మాత్రం దీన్ని గట్టిగా చెబుతాను. గవర్నమెంటు ఉద్యోగానికి ఏదో ఒక డిగ్రీ చాలనుకునేవాళ్లకు ఇంత కష్టం దండగ.

## డిప్లొమావాళ్లకు బీటెక్

పాతకాలంలో ఏఎంఐఈ ఉండేది, ఉద్యోగం చేస్తూనే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పరీక్షలు రాసి తెచ్చుకునే అర్హత అది. షిప్‌యార్డులో, స్టీల్ ప్లాంటులో ఎంతోమంది అలాగే ఇంజినీర్లయ్యారు. కానీ 2013 మే 31 తర్వాత చేరినవాళ్లకు దాన్ని డిగ్రీతో సమానంగా చూడరు. సీనియర్లు చెప్పే సలహాలో ఈ తేదీ ఉండదు, వాళ్ల కాలానికి అది నిజమే కాబట్టి.

ఇప్పుడున్న సరైన దారి, ఉద్యోగుల కోసం సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2023-24 నుంచి అనుమతించిన బీటెక్. మీరు పనిచేసే చోటుకు నిర్ణీత దూరంలో ఉన్న కాలేజీలో, వీలైన వేళల్లో తరగతులకు హాజరై చదవాలి. అన్ని కాలేజీలకూ ఈ అనుమతి ఉండదు, కాలేజీ ఇచ్చే ఏఐసీటీఈ ఉత్తర్వులో మీ బ్రాంచి పేరు చూసుకోవాలి. హాజరు తప్పదు కాబట్టి జనరల్ షిఫ్టువాళ్లకు సులువు, రొటేషన్ వాళ్లకు మేనేజర్ సహకారం లేకుండా కాదు.

చేరే ముందు మీ సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. చాలా ప్రభుత్వ శాఖల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో ముందు అనుమతి లేకుండా చదివిన డిగ్రీని సర్వీసు రికార్డులో ఎక్కించడం దగ్గర పేచీ పెడతారు. బీటెక్‌కే కాదు, పైన చెప్పిన అన్నింటికీ ఇది వర్తిస్తుంది.

## స్వయం, ఎన్‌పీటెల్

డిగ్రీ కాదు, కానీ డిగ్రీకి ముందు చేయదగ్గ పని. పాఠాలు ఉచితం. ఎన్‌పీటెల్ పరీక్షకు మాత్రం 1000 రూపాయలు. పరీక్ష ఫీజు కట్టకపోయినా ఎవరూ అడగరు, వదిలేసినా నష్టం లేదు. పన్నెండు వారాల కోర్సు ఒకటి తీసుకుని వారం వారం అసైన్‌మెంట్లు సమర్పించి చూడండి. ఆరో వారానికి ఇంకా నిలబడి ఉంటే మీరు డిగ్రీకి సిద్ధమే. మూడో వారంలో మానేస్తే, రెండు లక్షల ఈఎంఐ తప్పించుకున్నందుకు సంతోషించండి.

## మరి మీరైతే?

షిఫ్టు ఉద్యోగి, ఇంగ్లిష్ పర్వాలేదు: ఇగ్నో. ఆలోచించక్కర్లేదు.

తెలుగు మీడియం, గ్రూప్స్ రాయాలి: ఆంధ్ర యూనివర్సిటీలో బీఏ. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ తీసుకుంటే డిగ్రీకి చదివిందే పోటీ పరీక్షకూ పనికొస్తుంది. చదువుకోవడానికి ఇంట్లో చోటు లేకపోతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది.

బ్యాంకులోనో, ఐటీలోనో ఉండి ఎంబీఏ కావాలి: కంపెనీ ఫీజు తిరిగి ఇస్తుందా అని ముందు అడగండి. ఇస్తే ప్రైవేటు ఆన్‌లైన్. సొంత డబ్బయితే ఇగ్నో ఎంబీఏ. రెండింటికీ జీతంలో తేడా మీ అనుభవమే తెస్తుంది గానీ, ఈ స్థాయిలో సర్టిఫికెట్ మీద పేరు తెచ్చేది తక్కువని నా అభిప్రాయం. దీంతో ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు: కొత్తగా చేరే ముందు పాత యూనివర్సిటీకి వెళ్లండి. మిగిలిపోయిన సబ్జెక్టులు రాయడానికి అప్పుడప్పుడూ ప్రత్యేక అవకాశం ఇస్తుంటారు. నాలుగు పేపర్ల కోసం మళ్లీ మూడేళ్లు చదవడం అన్యాయం.

పదితో ఆగిపోయినవాళ్లు: నేరుగా డిగ్రీ ఇప్పిస్తామనేవాళ్ల మాట వినొద్దు. ముందు ఏపీ ఓపెన్ స్కూల్‌లోనో, జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లోనో ఇంటర్. ఆ తర్వాతే మిగతావి.

టీచరు కావాలనుకునేవాళ్లు: దూరవిద్య బీఈడీ ఇప్పటికే టీచర్లుగా పనిచేస్తున్నవాళ్లలాంటి అర్హులకే. మిగతావాళ్లు రెగ్యులర్ బీఈడీయే చేయాలి.

ఇప్పటికే రెగ్యులర్‌గా ఏదో చదువుతున్నవాళ్లు: 2022 నుంచి ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్ పద్ధతిలో ఒకేసారి రెండు చదవొచ్చు.

## దరఖాస్తుకు ముందు కాగితాలు

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఆధార్‌లో ఒక పేరు, పదోతరగతి మెమోలో ఇంకో పేరు ఉంటుంది. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంలో, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరిన ఆడవాళ్లకైతే ఇది తప్పని తలనొప్పి. అకడమిక్ బ్యాంక్ ఐడీ, డీఈబీ ఐడీ రెండూ ఆధార్ వివరాల మీదే నడుస్తాయి కాబట్టి తేడా ఉంటే అక్కడే ఇరుక్కుంటుంది. మెమోలో మార్పు చేయించడం కన్నా ఆధార్‌ను మెమోకి సరిపెట్టడం తేలిక. మీసేవకో, ఆధార్ కేంద్రానికో వెళ్లే ముందు మెమో ఒరిజినల్ పట్టుకెళ్లండి.

మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ, ఇంటర్ మెమో ఎక్కడున్నాయో ఇప్పుడే చూడండి. పోతే డూప్లికేట్‌కి వారాలు పడుతుంది. జులై అడ్మిషన్ కావాలంటే ఏప్రిల్‌లో, జనవరి అడ్మిషన్‌కైతే అక్టోబరులో ఈ పని మొదలుపెడితే ఆఖరు రోజు సర్వర్ టెన్షన్ ఉండదు.